ఆ ఓపీ చీటీ పారేయకండి

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకి, మన నెల్లూరు ఎండలో ఇంతమంది వచ్చి కూర్చున్నారంటే పనిచేసే చోట వేధింపుల విషయం ఎంత ముదిరిందో అర్థమవుతోంది. మీలో సగం మందికి ఈరోజు కూడా డ్యూటీ ఉండే ఉంటుంది, ఏం కారణం చెప్పి పర్మిషన్ తీసుకున్నారో నేను అడగను. నేను చాలా ఏళ్ళు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేశాను, ఇప్పుడు న్యాయ సేవాధికార సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీరుగా తిరుగుతున్నాను. లాయర్ని కాదు, డాక్టర్ని అంతకన్నా కాదు. ఆ ఇద్దరి దగ్గరికీ జనాన్ని తీసుకెళ్ళే మనిషిని, అంతే.

మన ఊళ్ళో ఆసుపత్రులన్నీ ఉండే పొగతోటకి పొద్దున పూట వెళ్ళి చూడండి, గుండెదడ, కడుపులో మంట, నిద్ర లేదు అంటూ వచ్చేవాళ్ళు ఎంతమందో. అందరూ చెప్పేది ఒకటే మాట, గ్యాస్. ఒక బట్టల షాపులో సేల్స్‌లో చేసే అమ్మాయి అలాగే వచ్చింది. ఈసీజీ తీశారు, నార్మల్. ఎండోస్కోపీ చేశారు, నార్మల్. పరగడుపున వేసుకునే మాత్రలు ఒక కవరు నిండా ఇచ్చి పంపారు. బయట బెంచీ మీద కూర్చుని ఉంటే ఊరికే అడిగాను, ఎప్పుడొస్తుందమ్మా నీకు ఈ నొప్పి అని. "పొద్దున తొమ్మిదింటికి ఆంటీ, ఆటో దిగేటప్పుడు" అంది. మరి షాపు సెలవు రోజున? కాసేపు ఆలోచించి, "ఆరోజు రాదు" అంది.

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చింది. ఫ్లోర్ సూపర్‌వైజరు కస్టమర్ల ముందే "నీకు బుర్ర ఉందా" అని అరుస్తాడంట. బాత్రూమ్‌కి ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్క పెడతాడంట. కాళ్ళు లాగేసి స్టాకు మూటల మీద రవంతసేపు కూర్చుంటే ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి, "మేడం గారు రెస్టులో ఉన్నారు" అని రాశాడంట. కింద అందరూ నవ్వే బొమ్మలు. అమ్మకి చెబితే, ప్రైవేటు ఉద్యోగం అంటే అంతే, సర్దుకుపో అంది. ఆ అమ్మని నేను తప్పుపట్టను, ఇంటి అద్దె ఆ జీతంలోనే కట్టాలి. కానీ ఆ మాటతో ఆ పిల్లకి ఒకటి ఖాయమైపోయింది, లోపం తనలోనే ఉందని.

నేను చూసినంతలో జనం రెండు రకాలుగా నష్టపోతున్నారు. కొందరు నిద్రమాత్రలు వేసుకుంటూ అదే మనిషి కింద అదే పని చేస్తుంటారు, అక్కడ ఏమీ మారదు. ఇంకొందరు కోపంగా ఫిర్యాదు రాసి పడేస్తారు, ఆ తర్వాత రెండు నెలలు ఆఫీసులో ఎవరూ మాట్లాడకపోతే తట్టుకోలేక వాళ్ళే రిజైన్ చేసి పోతారు. ఆఫీసు సంగతి, మనసు సంగతి ఒకేసారి చూసుకోవాలి. ఇది నా సొంత కవిత్వం కాదు, చట్టంలోనే ఉంది.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది. 10 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి మహిళే అధ్యక్షురాలు, బయటి మనిషి ఒకరు తప్పనిసరి. మీది చిన్న షాపు, ఆరుగురే ఉన్నారు, లేదా వేధిస్తున్నదే ఓనరు, అప్పుడు జిల్లా స్థాయిలో లోకల్ కమిటీకి ఇవ్వచ్చు. ఇళ్ళల్లో పనిచేసే అక్కలకి కూడా ఇది వర్తిస్తుంది. రాయడం రాకపోతే రాసిపెట్టాల్సిన బాధ్యత కమిటీదే. ఇక్కడ అందరూ దెబ్బతినే చోటు ఒకటుంది: జరిగిన 3 నెలల్లోపు ఇవ్వాలి. గట్టి కారణం ఉంటే ఇంకో 3 నెలలు పొడిగించవచ్చు గానీ, ఏడాది తర్వాత వచ్చి ఏడిస్తే నా చేతిలో ఏమీ ఉండదమ్మా.

ఇప్పుడు అసలు సంగతి. నష్టపరిహారం ఎంతో తేల్చేటప్పుడు ఏమేం చూడాలో ఆ చట్టంలో రాశారు. అందులో ఆమె పడ్డ మానసిక వేదన ఉంది, పోయిన ఉద్యోగావకాశం ఉంది, శరీరానికైనా మనసుకైనా చేయించుకున్న వైద్యం ఖర్చు కూడా ఉంది. విచారణ నడుస్తున్నప్పుడు అడిగితే, మామూలు సెలవులు కాకుండా 3 నెలల దాకా సెలవు ఇమ్మని కమిటీ సిఫారసు చేయవచ్చు. అంటే మీరు సిగ్గుపడి చించేసే ఆ ఓపీ చీటీ ఉంది చూశారూ, సైకియాట్రీ అని రాసి ఉందని పర్సులో మూడు మడతలు పెట్టి దాచేది, అదే మీకు సాక్ష్యం. దాన్ని పారేయకండి. డబ్బులిస్తాం రాజీపడు అంటే, ఆ రాజీ ఈ చట్టం కింద చెల్లదు.

మామూలు తిట్లు, అవమానాలు, కావాలని నైట్ డ్యూటీలు వేయడం, వీటి గురించి మీకు అబద్ధం చెప్పలేను. వీటన్నిటికీ కలిపి మన దేశంలో విడిగా ఒక చట్టం లేదు. అయినా దారి లేదని కాదు. జీతం ఆపితే లేబర్ ఆఫీసు ఉంది. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగిని నలుగురిలో కులం పేరుతో తిడితే 1989 నాటి అట్రాసిటీ చట్టం ఉంది, 14566కి ఫోన్ చేయొచ్చు. ఇక కాలేజీలు, స్కూళ్ళలో చేసేవాళ్ళకి ఒక మాట, చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతిలో పెట్టకండి, జిరాక్సులు ఇవ్వండి. మానేద్దామన్న రోజు ఆ కాగితాల కోసమే గేటు దగ్గర నిలబడాల్సి వస్తుంది. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు, నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంది. ఫోన్ 15100.

ఏ దారిలో వెళ్ళినా ముందు అడిగేది రుజువు. అందుకని ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, టైము, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు, పక్కన ఎవరున్నారు. అన్న మాట అన్నట్టే రాయండి, బూతైనా సరే. "సార్ చాలా అసభ్యంగా మాట్లాడారు" అని రాస్తే విచారణలో అది ఎందుకూ పనికిరాదు. వాట్సాప్ మెసేజీలు కోపంలో డిలీట్ చేయకండి, గ్రూపులోంచి బయటికొచ్చేముందు స్క్రీన్‌షాట్ తీసి నమ్మకమైన మనిషికి పంపండి. ఫిర్యాదు ఇస్తే జిరాక్సు మీద ముట్టినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి, వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. ముందే ఫేస్‌బుక్‌లో పెట్టేయకండి, అది తర్వాత మీ మీదకే తిరుగుతుంది.

మనసు సంగతికి వస్తే, 14416 అని ఫోన్లో సేవ్ చేసుకోండి, ఇప్పుడే చేసుకోండి, నేను ఆగుతాను. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. రాత్రి రెండింటికి చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ పడవు. బతకాలని లేదు అనిపించిన రాత్రి తెల్లారేదాకా ఆగక్కర్లేదు. నెల్లూరు దర్గామిట్ట పెద్దాసుపత్రిలో, ఒంగోలు రిమ్స్‌లో మానసిక విభాగం ఓపీ ఉంది. అక్కడికెళితే ఆఫీసులో తెలిసిపోతుందేమో అని భయపడతారు, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ వివరాలు బయటపెట్టే హక్కు వాళ్ళకి లేదు. ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల బీమా, ఆ కార్డు ఉన్నవాళ్ళు డాక్టరు సర్టిఫికెట్ మీద సెలవు పెడితే, కాంట్రిబ్యూషన్ సరిపడా కట్టి ఉంటే, ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. చేతికొచ్చే జీతంలోంచి కోసుకున్న డబ్బే అది, వాడుకోండి.

మగవాళ్ళు వెనక వరసలో నవ్వుతున్నారు, మాకేం లేదా అని. 2013 చట్టం మీకు లేదు, నిజమే. కానీ చీమకుర్తి పాలిషింగ్ యూనిట్లలో, ముత్తుకూరు వైపు రొయ్యల ప్లాంట్లలో మేస్త్రీల చేత, మేనేజర్ల చేత మాటలు పడేవాళ్ళు తక్కువేం లేరు. ఆడవాళ్ళు బెంచీ మీద నాలాంటి దానికైనా చెబుతారు, మీరు వైన్ షాపు దగ్గర చెప్పుకుంటారు, అది కూడా మూడో పెగ్గు తర్వాత. 14416 మగవాళ్ళకీ పలుకుతుందన్నా.

ఒక్కరే అడిగితే "నువ్వే తేడా" అంటారు. కేరళలో కోళికోడ్ అనే ఊళ్ళో విజి అనే టైలరు, షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళని కూడగట్టింది. మొదట అడిగింది బాత్రూమ్, ఎందుకంటే అది లేక వాళ్ళు రోజంతా నీళ్ళు తాగడమే మానేశారు. తర్వాత కూర్చునే హక్కు అడిగారు. 2018లో కేరళ చట్టం మార్చింది, 2021లో తమిళనాడు. ఇక్కడ రైలెక్కితే మూడు గంటల్లో చెన్నై, అక్కడ షాపులో సేల్స్ అమ్మాయికి సీటు వేయాలని చట్టం ఉంది. నేను చెప్పిన అమ్మాయి కూర్చున్నందుకే కదా ఆ సూపర్‌వైజరు గ్రూపులో ఫోటో పెట్టింది. ఆ ఫోటో స్క్రీన్‌షాట్ తన దగ్గర ఉంది, అదే ఫ్లోర్లో చేసే ఇంకో ఇద్దరు కూడా కాగితం మీద సంతకం పెట్టారు, లేబర్ ఆఫీసులో ఇచ్చాం. సూపర్‌వైజరుని వేరే బ్రాంచికి మార్చారు, అంతకుమించి ఏమీ జరగలేదు. ఆ అమ్మాయి కౌన్సెలింగ్‌కి ఇంకా వెళ్తోంది.

సరే, ఇక మీరు అడగండి. పేరు, ఆఫీసు పేరు చెప్పనక్కర్లేదు, చీటీ మీద రాసి ముందుకు పంపినా చాలు. లాయరమ్మ గారు ఐదింటి దాకా ఉంటారు, విడిగా మాట్లాడాలనుకునేవాళ్ళు ఆ పక్క గదిలోకి వెళ్ళండి, అమ్మానాన్నలతో కలిసి వచ్చినవాళ్ళు కూడా ఒంటరిగానే వెళ్ళండి.