మూలుగ మార్పిడి: మొదటి నూరు రోజులు

వదిన: నమస్కారం. పోయినసారి మాటిచ్చినట్టే, మూలుగలో ఉండి రక్తకణాలను పుట్టించే మూలకణాల మార్పిడి తరవాత మొదటి నూరు రోజులు రోగికి ఎలా గడుస్తాయో ఈ రోజు చెప్పుకుందాం. అప్పుడు చెప్పిన మా ఆవకాయ జాడీ ఏమయిందని అడిగినవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

మరిది: ముందు పేరు గురించి ఒక్క మాట, వదినా. మనకు మూలుగ అనే మంచి మాట ఉంది. నల్లి ఎముక తిన్న ప్రతి తెలుగువాడికీ అదేమిటో తెలుసు. బోన్ మ్యారో అనేసరికి నెల్లూరులో మనవాళ్లందరూ వెన్నుపాము అనుకున్నారు.

వదిన: ఇది నువ్వు ప్రతిసారీ చెప్పే మాటే, అయినా చెప్పవలసిందే. అలాగే, ఇది ఆపరేషన్ కాదని కూడా చెప్పాలి. మీ అన్నయ్యకు అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ కీమోతో అదుపులోకి వచ్చాక, గాలిని వడగట్టే గదిలో ఉంచి, మరింత గట్టి మందులతో పాత మూలుగను ఖాళీ చేశారు. డాక్టర్లు సున్నా రోజు అని పిలిచే ఆ రోజున నీ మూలకణాలు చిన్న సంచిలో, టమాటా చారు రంగులో వచ్చాయి. రక్తం ఎక్కించినట్టే ఎక్కించారు. ముప్పావుగంటలో అయిపోతే, అద్దం అవతల నిలబడిన అత్తయ్య "ఇంతేనా?" అన్నారు. అసలు కష్టం ఆ తరవాత మొదలైంది. తెల్లకణాలు అడుగంటి, నోరంతా పూసి, గుక్కెడు నీళ్లు మింగడానికి కూడా ఆయన కళ్లు మూసుకుని సిద్ధపడేవారు. పదిహేడో రోజుకు న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 500 దాటాయి. వరసగా మూడు రోజులు ఆ పైన నిలిస్తేనే కొత్త మూలుగ కుదురుకున్నట్టు లెక్క.

మరిది: ఆ సంచి అక్కడికి చేరడానికి ముందు జరిగినదాని గురించి మనం ఎప్పుడూ మాట్లాడలేదు.

వదిన: మాట్లాడదాం. నీ కణాలు సరిపోయాయని తెలిశాక నువ్వు పదకొండు రోజులు ఫోను ఎత్తలేదు. తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతమే. అది మనకు దక్కింది. మళ్లీ జబ్బు తిరగబెడుతుందేమోనని ఇక్కడ నేను రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

మరిది: భయపడ్డాను. ఒక కొడుకు మంచాన ఉండగా రెండో కొడుకును కూడా సూదుల పాలు చేయలేనని అమ్మ ఏడ్చింది. వెన్నులోంచి తీస్తారు, నడుము పడిపోతుంది, పిల్లలు పుట్టరు అని మామయ్య అన్నాడు. ఆసుపత్రిలో నా చేతికి ఇంగ్లీషు కాగితం ఇచ్చి సంతకం చేయమన్నారే తప్ప, కూర్చోబెట్టి తెలుగులో ఒక్కరూ వివరించలేదు.

వదిన: నన్ను అడగవలసింది.

మరిది: మిమ్మల్ని ఎలా అడుగుతాను? భయమేస్తోందంటే, అన్నయ్యకు ఇవ్వనని మీకు వినిపిస్తుంది.

వదిన: అవును, అప్పుడు అలాగే వినిపించేది.

మరిది: అందుకే మూలుగ అనే మాట పట్టుకుని వేలాడుతున్నాను. అవసరమైతే దాన్ని తుంటి ఎముకలోంచి, మత్తు ఇచ్చి తీస్తారు. వెన్నుపాము జోలికి పోరు. నా విషయంలో అదీ లేదు. నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇస్తే మూలకణాలు మూలుగలోంచి రక్తంలోకి దిగుతాయి. అప్పుడు నడుము, తొడల ఎముకలు లోపలినుంచి సలుపుతాయి. పారాసెటమాల్‌తో ఓర్చుకున్నాను. అయిదో రోజున ఒక చేతిలోంచి రక్తం యంత్రంలోకి పోయి, కణాలు వేరయ్యాక రెండో చేతిలోకి తిరిగి వచ్చింది. నాలుగు గంటలు పట్టింది. మధ్యలో పెదవులు చీమలు పాకినట్టు జివ్వుమంటే, క్యాల్షియం తగ్గిందని నర్సు మాత్ర చప్పరించమంది. మర్నాడు బస్సెక్కి ఇంటికి వెళ్లాను. ఇదంతా ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ పదకొండు రోజులు ఉండేవి కావు.

వదిన: నీకు ఎలా ఉందని నేను కూడా ఒక్కసారైనా అడగలేదు. సంచి వచ్చిందా లేదా అన్నదే చూశాను.

మరిది: పోనివ్వండి వదినా. ఇప్పుడు అన్నయ్య రక్తం గ్రూపు కూడా నాదే కదా.

వదిన: బి పోయి ఓ వచ్చింది. మొదటి రిపోర్టు తప్పనుకుని మళ్లీ చేయించాను. సరే, తోబుట్టువు సరిపోనివాళ్లు ఆశ వదులుకోనవసరం లేదు. తల్లిదండ్రులో పిల్లలో సగం సరిపోయినా ఇప్పుడు చేస్తున్నారు. బయటి దాతల కోసం చెన్నైలోనే 2009 నుంచి దాత్రి రిజిస్ట్రీ ఉంది.

మరిది: అక్కడ పేరు ఇవ్వడానికి బుగ్గ లోపల దూదిపుల్లతో నమూనా తీస్తారు, అంతే. మూలుగ అనగానే పారిపోయేవాళ్లకు ఇది చెప్పాలి.

వదిన: నూరు రోజుల మాట మిగిలిపోయింది. ఆసుపత్రికి దగ్గరలో ఇల్లు తీసుకోండి, జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా బయలుదేరండి. దాత కణాలు రోగి ఒంటి మీదే తిరగబడితే చర్మం మీద దద్దుర్లు, విరేచనాలు, కామెర్లు కనిపిస్తాయి. చిన్న దద్దురైనా ఫోను చేయండి. అప్పటికప్పుడు వండినదే పెట్టాలి. ఆ ఆవకాయ జాడీకి అప్పుడు తాళం వేశాను. చిన్నప్పటి టీకాలన్నీ మళ్లీ మొదటినుంచి...

మరిది: వదినా, ఎనిమిదయింది. దాత కణాలు తిరగబడకుండా అన్నయ్య వేసుకునే సైక్లోస్పోరిన్ వేళ.

వదిన: రేపు పొద్దున రక్తపరీక్ష ఉంది. రక్తం ఇచ్చేదాకా పొద్దుటి మాత్ర వేసుకోవద్దని ఆయనకు నువ్వు చెప్పు, నేను నీళ్లు తెస్తాను.