మూసిన తలుపు, ఆగని తెర

నమస్కారమండీ. బెంగళూరులో మారతహళ్ళి వైపు ఉండే మన తెలుగువాళ్ళు జేపీ నగర్‌లోని రంగశంకర నాటకశాలకు నాటకం చూడటానికి బయలుదేరితే, కాస్త ముందుగానే బయలుదేరండి. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయామని మొరపెట్టుకున్నా అక్కడ ఎవరూ వినరు. నాటకం మొదలైతే తలుపు మూసేస్తారు. టికెట్ చేతిలో ఉన్నా వెనక్కి తిరగవలసిందే.

చాలామందికి ఇది పొగరుగా తోస్తుంది. నాకు మాత్రం ఈ నాటకశాలను తెరిపించిన అరుంధతీ నాగ్‌కు నటన అంటే ఎంత నిష్ఠో ఆ తలుపు దగ్గరే తెలుస్తుంది. గుజరాతీ, మరాఠీ, హిందీ నాటకాలు ఆడి, కన్నడ నటుడు, దర్శకుడు శంకర్ నాగ్‌ను పెళ్ళాడి కన్నడ రంగస్థలానికి వచ్చిన నటి ఆవిడ. 1990లో దావణగెరె దగ్గర కారు ప్రమాదంలో భర్త పోయారు. ఆ కారులో ఆవిడా ఉన్నారు. అయినా పట్టు విడవకుండా విరాళాలు పోగుచేసి, 2004లో ఆయన పేరుమీద ఈ నాటకశాల తెరిపించారు.

గిరీశ్ కర్నాడ్ రాసిన 'ఒడకలు బింబ' (పగిలిన బింబం) అనే కన్నడ నాటకంలో వేదిక మీద ఆవిడ ఒక్కరే. ఇంగ్లీషు నవలతో పేరు తెచ్చుకున్న కన్నడ రచయిత్రి మంజుల, టీవీ స్టూడియోలో ప్రసంగం ముగించి లేవబోతుంది. అంతలో తెరమీది తన బొమ్మే తనను నిలదీయడం మొదలుపెడుతుంది. ఆ బొమ్మా అరుంధతీ నాగే, కాకపోతే ముందే చిత్రీకరించినది. అక్కడే ఉంది చిక్కు. ఎదుట మనిషి ఉంటే, మన మాట తడబడినా ఓ క్షణం ఆగి అందుకుంటాడు. తెర ఆగదు. జనం కాస్త ఎక్కువసేపు నవ్వారా, తర్వాతి ప్రశ్న ఆ నవ్వులో కొట్టుకుపోతుంది. జనం నవ్వును అదుపులో పెట్టుకుంటూనే, జవాబు అప్పుడే తట్టినట్టు తడుముకోవాలి!

మన పద్యనాటకం దీనికి పూర్తిగా ఎదురు. వన్స్‌మోర్ అని కేక వినబడగానే కృష్ణుడు రాయబారం ఆపి 'జెండాపై కపిరాజు' మళ్ళీ అందుకుంటాడు. హార్మోనియం ఆయన సిద్ధంగానే ఉంటాడు. నాకది ఇష్టమే, దాచుకోను. నా కోపమంతా నాటకానికి ముందు జరిగే తంతు మీదే. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఇంకా రాని ముఖ్య అతిథి కోసం ఎదురుచూపులు. ముఖానికి రంగు వేసుకున్న నటి ఆ ఉక్కలో తెరవెనుక కూర్చుని చెమట అద్దుకుంటూ ఉంటుంది.

బెంగళూరు తెలుగు సంఘాలవారికి ఒక్క మనవి. ఈసారి ఉగాదికి నాటకం వేస్తే, సన్మానాలన్నీ నాటకం అయ్యాక పెట్టి చూడండి. ముఖ్య అతిథిగారు ఎంతసేపు కూర్చుంటారో అదీ తేలిపోతుంది.