పేరు దాచుకోండి, పని కనబడనివ్వండి

[దృశ్యం: ఉదయం ఏడు దాటింది. బెంగళూరు మారతహళ్ళిలో ఒక ఇరుకు వీధి. మలుపు తిరిగి చెత్త ఆటో వస్తోంది. గేటు పక్కన తొమ్మిది ఇళ్ళ చెత్త. దాదాపు అన్నీ నల్ల కవర్లే.]

నమస్కారమండీ. ఈ గేటు మా బిల్డింగ్‌దే. నేను బెంగళూరు వచ్చి పదకొండేళ్ళయింది. అందులో ఎనిమిదేళ్ళు నేనూ ఇలాంటి నల్ల కవర్లే పెట్టాను. మిగిలిన అన్నం, పాల ప్యాకెట్లు, బాబు డైపర్లు, పగిలిన గ్లాసు అన్నీ ఒకే కవర్లో. ముడి వేసి గేటు దగ్గర పెడితే నా పని అయిపోయిందనుకునేదాన్ని.

ఒకరోజు ఆఫీసుకు బయల్దేరుతుంటే, ఆటో వెంట వచ్చే అక్క గేటు దగ్గర నిలబడి చెయ్యి విదిలిస్తోంది. వేలి నుంచి రక్తం కారుతోంది. నాకు వచ్చిన కొద్దిపాటి కన్నడలో ఏమైందని అడిగాను. ఆమె నా ముఖం చూసి తెలుగులోనే చెప్పింది. "బ్లేడమ్మా. కవర్లో ఎవరో బ్లేడు ఏసినారు." హిందూపురం వైపు మాట.

ఆ కవరు ఎవరిదో ఇప్పటికీ తెలియదు. మాది కాదని మాత్రం చెప్పలేను.

ఇంట్లోకి వెళ్ళి నీళ్ళూ, బ్యాండేజీ తెచ్చాను. కట్టు కడుతుంటే "రోజూ ఉండేదేలేమ్మా" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. బెంగళూరు వీధులు ఊడ్చేవాళ్ళలో, చెత్త ఎత్తేవాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎనిమిదేళ్ళుగా మా గేటు దగ్గరికి వస్తున్న మనిషిది నా భాషేనని నాకు తెలియడానికి ఆమె చెయ్యి తెగాల్సి వచ్చింది.

[దృశ్యం: ఒక ఆకుపచ్చ బకెట్, ఒక ఎర్ర బకెట్, ఒక సంచి. చేతులు మాత్రమే కనిపిస్తాయి. తొక్కలు ఒకదాంట్లో, డైపరు ఒకదాంట్లో, కడిగిన పాల ప్యాకెట్లు సంచిలో.]

మర్నాటి నుంచి చెత్త వేరు చేయడం మొదలుపెట్టాను. ఇది నా ఆలోచనేం కాదు. 2015 డిసెంబరులోనే కర్ణాటక హైకోర్టు బెంగళూరు ఇళ్ళన్నిటికీ చెప్పిన పద్ధతి. రెండు బకెట్లు, ఒక సంచి. ఆకుపచ్చ దాంట్లో తడి చెత్త, అంటే వంటింటిది. ఎర్ర దాంట్లో డైపర్లు, ప్యాడ్లు, కట్టుగుడ్డలు. సంచిలో కాగితం, ప్లాస్టిక్, డబ్బాలు. బ్లేడు గానీ గాజు గానీ ఉంటే కాగితంలో గట్టిగా చుట్టి, పైన ఎర్ర గుర్తు పెట్టి విడిగా ఇవ్వాలి.

ఎవరికీ చెప్పలేదు. బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదు. నల్ల కవర్ల మధ్య మా ఆకుపచ్చ బకెట్ రోజూ ఉండేది, అంతే. మూడో వారంలో రెండో అంతస్తు వాళ్ళ బకెట్ వచ్చింది. తర్వాత ఓనరుగారిది. రెండు నెలలు తిరిగేసరికి తొమ్మిదిళ్ళలో ఆరు మారాయి. అంతకుముందు రెండేళ్ళుగా గ్రూపులో ఎన్ని మెసేజ్‌లు వచ్చినా ఒక్క ఇల్లూ మారలేదు. మాదీ మారలేదు కదా.

ఎందుకిలా అవుతుందో తెలుసుకోవాలని చదవడం మొదలుపెట్టాను. ఈ వీడియో అందుకే.

[దృశ్యం: సైకిళ్ళు నిలిపిన సందు. ఒకవైపు శుభ్రమైన గోడ, ఇంకోవైపు పిచ్చిగీతలున్న గోడ. ప్రతి సైకిల్ హ్యాండిల్‌కూ ఒక కాగితం.]

నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ అనే ఊరుంది. అక్కడి పరిశోధకులు సైకిళ్ళు నిలిపే ఒక సందులో ప్రతి సైకిల్‌కూ ఒక ప్రకటన కాగితం కట్టారు. దగ్గర్లో చెత్తబుట్ట లేదు. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 100 మందిలో 33 మంది ఆ కాగితాన్ని అక్కడే పారేశారు. అదే గోడ మీద పిచ్చిగీతలు గీసి పెట్టినప్పుడు 69 మంది పారేశారు. సందు అదే, కాగితం అదే. మారింది గోడ ఒక్కటే. 2008లో సైన్స్ పత్రికలో వచ్చింది ఇది.

మనకిది కొత్తేం కాదు. వీధి మూల మీద ఎవరో ఒక కవరు పడేస్తారు. సాయంత్రానికి అది పది కవర్లవుతుంది. బెంగళూరులో అలాంటి మూలని 'బ్లాక్ స్పాట్' అంటారు. మొదటి కవరు వేసినవాడు ఎవరినీ పిలవలేదు, ఇక్కడ వేయండని బోర్డు పెట్టలేదు. ఆ కవరు అక్కడ కనబడింది, చాలు. మా ఆకుపచ్చ బకెట్ చేసిన పని కూడా అదే, దిశ మాత్రం వేరు. పక్కవాళ్ళు ఏం చేస్తున్నారో చూసి, ఇక్కడ పద్ధతి ఇదీ అని మనసు లెక్క వేసుకుంటుంది. వేసుకుంటున్నట్టు మనకే తెలియదు.

ఇక ఆ వాట్సాప్ మెసేజ్‌ల సంగతి. "మన బిల్డింగ్‌లో ఎవరూ చెత్త వేరు చేయడం లేదు, దయచేసి సహకరించండి." మీ గ్రూపులోనూ ఇలాంటిది వచ్చే ఉంటుంది. రాసేవాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలో రాబర్ట్ చియాల్డిని అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఏం చూసిందో వినండి. అక్కడ రాయిగా మారిన ప్రాచీన వృక్షాలతో ఒక జాతీయ పార్కు ఉంది. వచ్చినవాళ్ళు చిన్న చిన్న ముక్కలు జేబులో వేసుకుని పోతుంటారు. "చాలామంది ముక్కలు తీసుకుపోతున్నారు, దానివల్ల అడవి పాడవుతోంది" అని బోర్డు పెట్టిన చోట, పరిశోధకులు ముందే గుర్తు వేసి పెట్టిన ముక్కల్లో దాదాపు 8 శాతం మాయమయ్యాయి. "దయచేసి తీసుకోకండి" అని మాత్రమే ఉన్న చోట పోయింది 2 శాతం కన్నా తక్కువ.

అంటే మొదటి బోర్డు చదివినవాళ్ళకు వేడుకోలు ఎక్కలేదు, "చాలామంది" అన్న మాట ఎక్కింది. మా గ్రూపులో మెసేజ్‌లు కూడా రెండేళ్ళుగా మాకు అదే నేర్పాయి, ఎవరూ చేయడం లేదని. మీరు ఇంకేదీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. ఈసారి మెసేజ్ రాసేటప్పుడు "ఎవరూ చేయడం లేదు" బదులు "మూడిళ్ళు మొదలుపెట్టాయి, ఈ వారం ఇంకొకటి చేరింది" అని రాయండి. నిజమైతేనే రాయండి. అబద్ధమైతే గేటు దగ్గరే తెలిసిపోతుంది.

[దృశ్యం: ఎండ. వీధి చెట్టు కింద మట్టి కుండ, పక్కన స్టీలు గ్లాసులు.]

ఇప్పుడు మజ్జిగ గురించి. మా కింద ఇంట్లో మదనపల్లి నుంచి వచ్చిన ఒక పిన్నిగారు ఉంటారు. ఆ వేసవిలో ఆవిడ రోజూ చెత్త ఆటో వచ్చే వేళకు రెండు గ్లాసుల మజ్జిగ పట్టుకుని గేటు దగ్గర నిలబడేవారు. కొత్తిమీర వేసి, కాస్త ఉప్పు ఎక్కువగా. "ఎండలో పనిచేసేవాళ్ళకి ఉప్పు కావాలమ్మా" అనేవారు.

ఇది పెద్ద పనా అంటే, ఆవిడ దృష్టిలో కాదు. సరిగ్గా ఇదే విషయం మీద అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు పనిచేశారు. షికాగోలో చలికాలం మంచు మీద స్కేటింగ్ చేసే చోట, కొందరికి వేడి చాక్లెట్ పానీయం ఇచ్చి, దాన్ని ముక్కూ ముఖం తెలియని వాళ్ళకు ఇవ్వమన్నారు. అది పుచ్చుకున్నవాళ్ళకు ఎంత బాగుంటుందో అంచనా వేయమన్నారు. ఇచ్చినవాళ్ళు తక్కువ అంచనా వేశారు. పుచ్చుకున్నవాళ్ళకు అది ఇంకా పెద్దగా తోచింది. ఇచ్చేవాడు వస్తువును చూస్తాడు, ఒక కప్పే కదా అనుకుంటాడు. పుచ్చుకునేవాడికి కనబడేది, తనను ఒకరు తలుచుకున్నారన్న సంగతి. వాళ్ళ ఇంకో ప్రయోగంలో, ఒకరి దయ వల్ల కానుక అందుకున్నవాళ్ళు ఆ తర్వాత తమకేమీ కాని మూడో మనిషికి డబ్బు పంచేటప్పుడు ఎక్కువ ఇచ్చారు.

మా వీధిలో ఆ మూడో మనిషిని నేను కళ్ళారా చూశాను. పిన్నిగారు ఊరెళ్ళిన వారం రోజులూ ఎదురింటి కన్నడ కుర్రాడు నీళ్ళ బాటిళ్ళు పెట్టాడు. ఆయన ఆవిడతో ఎప్పుడైనా మాట్లాడాడో లేదో నాకు తెలియదు. తర్వాత చెట్టు కింద ఈ కుండ వచ్చింది. మనం చలివేంద్రం అంటాం, కన్నడంలో అరవట్టిగె అంటారు. మన ఊళ్ళలో చలివేంద్రాన్ని బస్టాండు ముందో, నాలుగు రోడ్ల కూడలిలోనో పెడతారు, ఇంటి పెరట్లో ఎవరూ పెట్టరు. దాహం తీర్చడానికే అయినా, ఆ దారిన పోయేవాళ్ళందరి కళ్ళా పడుతుంది.

ఇక్కడ చాలామందికి ఒక ఇబ్బంది వస్తుంది, నాకూ వచ్చింది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని కదా పెద్దలు చెప్పారు. గుప్తదానమే గొప్పదంటారు. మరి కనబడేలా చేస్తే గొప్పకోసం చేసినట్టు కాదా?

దీనికి నాకు జవాబు బెంగళూరే ఇచ్చింది. 'ది అగ్లీ ఇండియన్' అని ఒక బృందం ఉంది. 2010 ప్రాంతం నుంచి ఈ నగరంలో పనిచేస్తోంది. చెత్త పోసే మూలలను శుభ్రం చేసి, గోడకు రంగు వేసి, మొక్కల కుండీలు పెట్టి వెళ్ళిపోతారు. ఎవరు మొదలుపెట్టారో పేర్లు చెప్పరు. కెమెరా ముందుకు వస్తే ముసుగుతో వస్తారు. వాళ్ళ నినాదం 'కామ్ చాలూ, ముహ్ బంద్', అంటే పని నడవాలి, నోరు మూసుకోవాలి. మనిషి కనబడడు. రంగు వేసిన గోడ మాత్రం రోజూ అటుగా వెళ్ళే వందలమందికి కనబడుతుంది. పెద్దలు దాచమన్నది ఇచ్చినవాడి గొప్పని అని అప్పుడు అర్థమైంది నాకు. పనిని కూడా దాచేస్తే దాన్ని చూసి నేర్చుకునేవాడికి దారే ఉండదు.

[దృశ్యం: మెట్ల పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు మట్టి కుండలు.]

దాచేసి నేను ఒకసారి నష్టపోయాను కూడా. ఇవి ఖంబా కుండలు. డైలీ డంప్ అనే బెంగళూరు సంస్థ 2006 నుంచి ఇలాంటి కంపోస్టు కుండలు తయారు చేస్తోంది. పై కుండలో కూరగాయల తొక్కలు వేసి, పైన గుప్పెడు కొబ్బరి పొట్టు చల్లాలి. నిండితే కిందికి దించి ఖాళీ కుండ పైకి పెట్టాలి. రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు వస్తుంది, వాన పడిన మట్టి వాసనతో. కుళ్ళు వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం. ఇంకాస్త పొట్టు వేసి కలిపితే గాలి ఆడుతుంది, వాసన పోతుంది. పురుగులు కనబడితే భయపడకండి, అవీ తినేది చెత్తనే. మరీ ఎక్కువైతే కాస్త వేపపిండి చల్లండి.

ఇంత శ్రమ ఎందుకంటే, తడి చెత్త డంపింగ్ యార్డులో గాలి ఆడకుండా కుప్పపడితే మీథేన్ పుడుతుంది. 100 ఏళ్ళ లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అంతకన్నా దగ్గరి కారణం మండూరు. బెంగళూరు చెత్త ఏళ్ళ తరబడి ఆ ఊరి పక్కన పోశారు. వాసన, ఈగలు, పాడైన నీళ్ళు భరించలేక 2014లో జనం రోడ్డెక్కి లారీలను అడ్డుకున్నారు. ఆ ఏడాది చివర అక్కడ పోయడం ఆగింది. మన కవరు గేటు దాటి వెళ్ళే చోట కూడా ఇళ్ళుంటాయి, పిల్లలుంటారు.

ఆ కుండల్ని ఏడాది పాటు మా బాల్కనీలో మూలన పెట్టాను. ఎరువు బాగా వచ్చింది. చూసి మొదలుపెట్టినవాళ్ళు సున్నా. మా బిల్డింగ్‌లో అలాంటివి ఉన్నాయనే ఎవరికీ తెలియదు. ఓనరుగారిని అడిగి మెట్ల పక్కకు మార్చాను. మొదటి వారం అందరూ ముక్కు మూసుకునే దాటారు. వాసన లేదని తెలిశాక పిల్లలు మూత తీసి చూడడం మొదలుపెట్టారు. తర్వాత పిన్నిగారు వచ్చి "నీ పొట్టు ఎక్కడ కొంటావమ్మా?" అని అడిగారు. ఇప్పుడు మూడిళ్ళ వాళ్ళు చేస్తున్నారు.

నన్నే ఎందుకు అడిగారంటే, చేస్తున్నాను గనక. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలో 58 ఊళ్ళలో సోలార్ ప్యానెళ్ళ ప్రచారం జరిగింది. ఊరి మనుషులే కొందరు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. ఆ పథకంలో తమ ఇంటి మీద ప్యానెళ్ళు పెట్టించుకున్న వాళ్ళు, పెట్టించుకోని వాళ్ళ కంటే 62.8 శాతం ఎక్కువమందిని చేర్చగలిగారు. 2018లో నేచర్ పత్రికలో ఈ పరిశోధన వచ్చింది. తన ఇంట్లో లేనిది మనకు చెప్పేవాడి మాట ఎందుకు వింటాం?

ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. మేం వేరు చేసిన చెత్తను ఆటోలో మళ్ళీ కలిపేసిన రోజులున్నాయి. ఆ రోజుల్లో గుండె నీరైపోతుంది. దానికి ఫిర్యాదు చేయాలి, కార్పొరేషన్‌ని అడగాలి, మేం అడుగుతున్నాం. బకెట్ పెట్టాం కదా అని ఆ పని వదలకూడదు. ఆరిళ్ళ తరఫున అడిగినప్పుడు వినే తీరు కూడా వేరుగా ఉంది.

[దృశ్యం: మళ్ళీ అదే గేటు, ఉదయం. తొమ్మిదిళ్ళలో ఏడింటి బకెట్లు ఆకుపచ్చవి. అక్క చేతులకు గ్లవుజులు.]

పోయిన నెల మూడో అంతస్తులోకి కొత్తవాళ్ళు దిగారు. కన్నడిగులు. నేనింకా వాళ్ళను పలకరించలేదు, గేటు దగ్గర పద్ధతి ఇదీ అని చెప్పనూ లేదు. నాలుగో రోజు అక్క నన్ను ఆపి ఒక పొట్లం చూపించింది. పాత పేపరు రెండు మూడు పొరలు చుట్టి, దారంతో కట్టి ఉంది. పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద గుర్తు. దాని కింద ఎవరో చిన్నపిల్లలు రాసిన వంకర కన్నడ అక్షరాలు.

అక్కకు చదవడం రాదు. "ఏం రాసినారమ్మా?" అని అడిగింది. కూడబలుక్కుని చదివాను. 'గాజు' అని ఉంది. తెలుగులోనూ కన్నడంలోనూ అదే మాట.