అణుశక్తి మన ఇంట్లోకి ఎట్లా వచ్చింది
(ఏ.ఎస్.రావు గారి జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయ కమిటీ మిత్రులకు, ముందు వరుసలో కూర్చున్న అక్కచెల్లెళ్లకు, వెనక నిలబడ్డ పిల్లలకు నమస్కారం. అందరి పేర్లూ చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన పావుగంట దానికే సరిపోతుంది, మన్నించాలి.

ఏ.ఎస్.రావు నగర్ అని రోజూ ఆటోవాళ్లకు చెప్తాం. ఆయనెవరో ఈ పిల్లల్లో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా, నాలుగు చేతులు కూడా లేవలేదు! అయ్యగారి సాంబశివరావు గారు 1914 సెప్టెంబర్ 20న ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. కాశీలో చదివారు, స్టాన్‌ఫర్డ్‌లో చదివారు, తిరిగొచ్చి మన అణుశక్తి పనికి ఆద్యుడైన హోమీ భాభా గారి దగ్గర చేరారు. 1956 ఆగస్టులో ముంబై దగ్గరి ట్రాంబేలో అప్సర అనే అణు రియాక్టర్ మొదలైంది. ఇంధనం బ్రిటన్ ఇచ్చింది. దాన్ని అదుపులో పెట్టే ఎలక్ట్రానిక్ పరికరాలు మాత్రం రావుగారి బృందం ఇక్కడే తయారుచేసింది. ఆ పనే పెరిగి పెద్దదై 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ అయింది.

నాకిచ్చిన అంశం అణ్వస్త్రాలు, అణువిద్యుత్తు, మన రోజువారీ బతుకు. పోఖ్రాన్ అణుపరీక్షతో మొదలుపెట్టాలని కాగితం మీద రాసుకొచ్చాను. కానీ టీవీ సంగతి చెప్పకుండా నేను ముందుకు పోలేను.

1975 ఆగస్టు. మాది పాలమూరు జిల్లాలో చిన్న పల్లె. కరెంటున్న ఇళ్లే తక్కువ. అటువంటి ఊళ్లో బడి వరండాలోకి ఒక టీవీ వచ్చింది. బడి పక్కన కోళ్లగూటికి కట్టే ఇనుప జాలీతో చేసిన పది అడుగుల గొడుగును ఆకాశానికి తిప్పి నిలబెట్టారు. సైట్ ప్రయోగం అన్నారు. అమెరికా ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు కార్యక్రమాలు నేరుగా దిగేవి. పొద్దున మాకు పాఠాలు, సాయంత్రం పెద్దవాళ్లకు వ్యవసాయం, ఆరోగ్యం. మా అమ్మమ్మ చెప్పులు బయట విడిచొచ్చి ఆ పెట్టె ముందు కూర్చునేది. తెలుగులో మాట్లాడుతుంటే పెట్టెకు జవాబిచ్చేది. ఆ పెట్టెలు చేసింది ఈసీఐఎల్. అంటే అణుశక్తి శాఖ కింది సంస్థ! బాంబు అనే మాట మా ఊళ్లో ఎవరి నోటా వినకముందే అణుశక్తి శాఖ మా బడిలో టీవీ పెట్టింది.

తర్వాత ఓటు. 1979లో ఈసీఐఎల్ ఓటింగ్ యంత్రం నమూనా చేసింది. 1982లో కేరళలోని పరవూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో వాడి చూశారు. చట్టం ఒప్పుకోదని సుప్రీంకోర్టు ఆ కేంద్రాల్లో జరిగిన ఎన్నికను కొట్టేసింది, ఆ తర్వాత చట్టమే మార్చారు. 2004 నాటికి దేశమంతా మీట నొక్కి ఓటేసింది. మీ వేలి కింద ఉన్న ఆ మీటకీ, ట్రాంబేలోని రియాక్టర్‌కీ చుట్టరికం ఉంది. దాని గురించి నాకు గర్వంగానే ఉంది.

ఇక పోఖ్రాన్. 1974 మే 18. ఆ పరీక్షకు ప్లుటోనియం వచ్చింది కెనడా సాయంతో కట్టిన రియాక్టర్ నుంచి. కెనడా వెంటనే చేయి దులిపేసుకుంది. రాజస్థాన్‌లో సగంలో ఉన్న రెండో రియాక్టర్‌ను మనవాళ్లే పూర్తి చేసుకోవాల్సి వచ్చింది. బయటినుంచి రాని ప్రతిదీ ఇక్కడే చేసుకోవాలి. ఆ భారం ఎక్కువగా ఎవరి మీద పడింది? మన మీద. మన పక్కనే ఉన్న అణు ఇంధన కర్మాగారం ఎన్ఎఫ్‌సీలో ఇంధన కట్టలు చేస్తారు. ఒక్కోటి అర మీటరు పొడవు, పందొమ్మిది సన్నటి గొట్టాలు, వాటి నిండా వేలి కణుపంత బిళ్లలు. 220 మెగావాట్ల రియాక్టర్ ఒక్కదానికే అటువంటివి 3,672 కావాలి. రియాక్టర్లలో వాడే భారజలం కోసం గోదావరి పక్కన అశ్వాపురంలో కర్మాగారం లేచింది. రాజస్థాన్ ఇసుకలో పేలిన బాంబు మన దగ్గర షిఫ్టులు పెంచింది, క్వార్టర్లు కట్టించింది, సైరన్ విని అన్నం వండుకునే కాపురాలు పెట్టించింది.

ఇప్పుడు కాగితం పక్కన పెడుతున్నాను.

ఆ బిళ్లల్లోకి యురేనియం ఎక్కడినుంచి వస్తుంది? కొంత కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె గని నుంచి వస్తుంది. అక్కడ తవ్వి, శుద్ధి చేసి, ఇక్కడికి పంపుతారు. మిగిలిన బురద అక్కడే చెరువులో ఉంటుంది. బోరు నీళ్లు చెడిపోయాయనీ, అరటి తోటలు పాడవుతున్నాయనీ చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అది మావల్ల జరిగింది కాదని గని నడిపే సంస్థ అంటోంది. నేను శాస్త్రవేత్తను కాను, తీర్పు చెప్పను. నేనడిగేది ఒక్కటే. ఆ నీళ్ల పరీక్ష ఫలితాలను ప్రతి నెలా తెలుగులో పంచాయతీ గోడకు అంటించడానికి అడ్డేమిటి? 1962 అణుశక్తి చట్టం సమాచారాన్ని దాచిపెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. బాంబు రహస్యం దాచండి, ఎవరూ కాదనరు. బోరు నీళ్లలో రహస్యమేముంది? తాగేవాడికి చెప్పకూడని రహస్యమా అది?

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో కొవ్వాడ ఉంది. సముద్రం మీద బతికే ఊరు. అక్కడ 1,208 మెగావాట్లవి ఆరు రియాక్టర్లు కడతామన్నారు. ఆ మాట మొదలై పదేళ్లు దాటింది. ఊరు ఉంటుందో పోతుందో తెలియకపోతే ఇంటికి కొత్త కప్పు వేయించాలా వద్దా? కొత్త వల కొనాలా వద్దా? అమ్మలూ, మీరు చెప్పండి, పిల్లకు సంబంధం చూసేటప్పుడు ఊరేదని అడిగితే ఏం చెప్తారు? ఒక్క యూనిట్ కరెంటు పుట్టకముందే అణువిద్యుత్తు వాళ్ల బతుకును ఎట్లా మార్చిందో చూడండి. దేశం కరెంటులో అణువిద్యుత్తు వాటా ఇప్పటికీ మూడు శాతం దరిదాపుల్లోనే ఉంది. మరి నల్లమలలో? 2019లో చెంచులు, విద్యార్థులు, కవులు అందరూ గొంతెత్తారు కాబట్టే యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. గట్టిగా అడిగితే వింటారు. తుమ్మలపల్లె రైతు తరఫున ఇక్కడినుంచి ఎవరడిగారు? ఆయన నేల నుంచి వచ్చిన పనితోనే మన పిల్లలు చదువుకున్నారు కదా.

టైమైపోయిందని చీటీ పంపారు. ముగిస్తాను. కమిటీ అధ్యక్షులకు ఒక విన్నపం. వచ్చే జయంతికి నన్ను పిలవొద్దు. వేముల మండలం నుంచి ఒక అరటి రైతును, కొవ్వాడ నుంచి ఒక మత్స్యకారుణ్ణి పిలవండి. వాళ్ల రానుపోను ఛార్జీలు, భోజనం, బస నా ఖర్చు. ఎన్ఎఫ్‌సీలో, ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరైన మీరంతా ముందు వరుసలో కూర్చోవాలి. వాళ్లు అడిగిన దానికి మీకు తెలిసినంత చెప్పాలి. ఈ సంగతి ఇవాళ్టి మినిట్స్‌లో రాయించండి. అధ్యక్షులు సరేనంటే నేను కూర్చుంటాను.