స్టాంపింగ్ లేకుండా ఇండియా వెళ్లొచ్చాం: మా అడ్వాన్స్ పెరోల్ ప్రయాణం

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ఇవాళ వ్లాగ్‌లో వంట లేదు, షాపింగ్ లేదు. క్రిస్మస్ సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఇండియా వెళ్లొచ్చిన వీడియోలు పెట్టినప్పటి నుంచి మీరంతా ఒకటే అడుగుతున్నారు. "అక్కా, స్టాంపింగ్ ఎక్కడ వేయించుకున్నారు? అపాయింట్‌మెంట్ ఎలా దొరికింది?" అని. స్టాంపింగ్ అంటే కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద అమెరికా వీసా వేయించుకోవడం. మేం వేయించుకోలేదండి. నా పాస్‌పోర్టులో ఉన్న హెచ్4 వీసా (హెచ్1 ఉద్యోగ వీసా మీదున్నవాళ్ల భార్యకో భర్తకో, పిల్లలకో ఇచ్చేది) గడువు 2019లోనే అయిపోయింది. మేం వెళ్లి వచ్చింది అడ్వాన్స్ పెరోల్ మీద, అంటే గ్రీన్ కార్డు అప్లికేషన్ పెండింగ్‌లో ఉండగా బయటికి వెళ్లి తిరిగి రావడానికి ఇచ్చే అనుమతి కాగితం మీద. ఇవాళ శనివారం, ఇంట్లో బట్టలు మడతపెట్టే పని ఉంది. ఆ పని చేసుకుంటూ ఆ కథంతా చెప్తాను.

ముందు మేం ఎక్కడున్నామో చెప్పాలి. మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. మా ఆయన ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డు వరసలో ఆయన స్థానం చెప్పే తేదీ, 2014. వరస ఏ తేదీ దాకా వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్, 2020 అక్టోబర్‌ది గుర్తుందా? ఇండియా ఈబీ3 (ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డుల్లో మూడో కేటగిరీ) ఫైలింగ్ డేట్, అంటే అప్లికేషన్ వేసుకోనిచ్చే తేదీ, ఒక్కసారిగా 2015 జనవరి 1కి వచ్చేసింది. కోవిడ్ వల్ల బయటి దేశాల్లో కాన్సులేట్లు మూతపడి ఫ్యామిలీ కోటా వీసాలు మిగిలిపోయాయి. అవి ఎంప్లాయ్‌మెంట్ కోటాలోకి వచ్చి కలిశాయి. మామూలుగా ఏడాదికి 1,40,000 గ్రీన్ కార్డులుండే కోటా ఆ సంవత్సరం దాదాపు 2,62,000 అయింది. ఈబీ2లో ఉన్నవాళ్లు కూడా డౌన్‌గ్రేడ్ చేసుకుని మరీ ఈబీ3లో 485 (గ్రీన్ కార్డు కోసం వేసే చివరి అప్లికేషన్) వేశారు. మేమూ ఆ గుంపులోనే. ఫ్రిస్కోలో ఆ నెల ఏ ఇంటికి ఫోన్ చేసినా 485 కోసం మెడికల్ టెస్టుల గొడవే.

సరే, 485 అయితే పడింది. తర్వాత డేట్లు వెనక్కి వెళ్లాయి. 2023 జూలైలో ఈబీ3 ఫైనల్ యాక్షన్ డేట్, అంటే గ్రీన్ కార్డు ఇచ్చే తేదీ, ఏకంగా 2009 జనవరి 1కి పోయింది. 2025 అక్టోబర్‌కి మళ్లీ పాక్కుంటూ 2013 ఆగస్టు 22 దాకా వచ్చింది. అంటే మా ఫైలు లోపలే ఉంది, నంబర్ మాత్రం రాలేదు. ఈ మధ్యకాలంలో మమ్మల్ని నడిపించేవి రెండే: పని చేసుకోవడానికి ఈఏడీ కార్డు, బయటికి వెళ్లి రావడానికి అడ్వాన్స్ పెరోల్.

మా అత్తయ్యగారికి ఇది అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు. కార్డు వచ్చిందని చెప్పగానే, "గ్రీన్ కార్డేనా అమ్మా? పూజ చేయిస్తాను" అంటారు. కాదండీ, అది వచ్చేదాకా పని చేసుకోమని ఇచ్చే కార్డు అంటే, "మరి ఇన్నేళ్లూ పర్మిషన్ లేకుండానే చేశావా?" అంటారు. ఆవిడ అడిగిందాంట్లో తప్పేమీ లేదు.

ఇక ప్రయాణం సంగతి. డిసెంబర్‌లో మా అమ్మకు మోకాలి ఆపరేషన్ పెట్టుకున్నారు. తేదీ నవంబర్‌లో చెప్పారు. అప్పటికి నా పెరోల్ కాగితం, మా పెద్దాడిది, రెండూ ఇంట్లో ఉన్నాయి. ఏడాది మొదట్లో రెన్యూవల్ వేసినప్పుడు ఎక్కడికీ వెళ్లే ఆలోచన లేదు. అయినా వేశాం. మా ఆయన "ఎందుకు, అవసరమైనప్పుడు చూద్దాం" అన్నారు కానీ నేను ఒప్పుకోలేదు. ఇండియా నుంచి వచ్చే ఫోన్ మన ప్రాసెసింగ్ టైమ్ చూసుకుని రాదు కదండీ. పెరోల్ కోసం వేసే ఫారం ఐ-131 పెండింగ్‌లో ఉండగా బయటికి వెళ్తే మొదటికే మోసం. పెరోల్ అప్రూవ్ అయ్యాకే దేశం దాటాలి, దాని మీదున్న తేదీ లోపలే తిరిగి రావాలి. హెచ్ లేదా ఎల్ (కంపెనీ బదిలీ మీద వచ్చేవాళ్లది) వీసా చెల్లుబాటులో ఉండి అదే స్టేటస్‌లో తిరిగొచ్చేవాళ్లకు మినహాయింపు ఉంది. అది లేకుండా, పెరోల్ కూడా లేకుండా వెళ్తే, 485 వదిలేసుకున్నట్టే లెక్కేస్తారు. ఇన్నేళ్ల నిరీక్షణ ఒక్క ఫ్లైట్ టికెట్‌తో పోతుంది.

నిజంగా ఎమర్జెన్సీ వస్తే దారి లేకపోలేదు. కాంటాక్ట్ సెంటర్‌కి ఫోన్ చేసి, దగ్గరలోని యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ శాఖ) ఫీల్డ్ ఆఫీసులో ఎమర్జెన్సీ పెరోల్ కోసం అపాయింట్‌మెంట్ అడగాలి. నింపిన ఐ-131, ఫోటోలు, 485 రిసీట్, హాస్పిటల్ నుంచి డాక్టర్ రాసిచ్చిన లెటర్ పట్టుకెళ్లాలి. మా వీధిలో ఒక అన్నయ్యగారికి అలా వచ్చింది కూడా. కానీ అపాయింట్‌మెంట్ ఇస్తారా, ఇచ్చినా ఆఫీసర్ ఒప్పుకుంటారా అని ఆయన పడ్డ టెన్షన్ చూశాక నేనైతే దాన్ని నమ్ముకోను.

మా ఆయన రాలేదు. మా అమ్మ ఆపరేషన్ బెడ్ మీద నుంచి కూడా "అల్లుడు రాలేదేమే?" అని అడిగింది. ఆయనకూ పెరోల్ ఉంది. దాని మీద లోపలికి వచ్చినా అదే కంపెనీలో హెచ్1 ఉద్యోగం కొనసాగించుకోవచ్చు, ఎక్స్‌టెన్షన్ వేసుకోవచ్చు, అది అప్రూవ్ అయితే మళ్లీ హెచ్1 స్టేటస్ వస్తుంది. ఆ సంగతి మా లాయర్ చెప్పారు. స్టాంపింగ్‌కి వెళ్లే పరిస్థితి మాత్రం లేదు. డిసెంబర్ 15 నుంచి హెచ్1, హెచ్4 వాళ్ల సోషల్ మీడియా ఖాతాలు కూడా చూడటం మొదలుపెట్టారు. దాంతో ఇండియాలోని కాన్సులేట్లలో అప్పటికే ఇచ్చిన అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. మా ఆయన టీమ్‌లో ఒకబ్బాయి రెండు వారాల సెలవు మీద వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. అన్నీ ఆలోచించి, ఒకరు కదిలితే ఇంకొకరు కదలకుండా ఉండటం మేలనుకున్నాం.

తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర కాస్త ఆలస్యమైంది. కౌంటర్ అమ్మాయి నా పాస్‌పోర్టు పేజీలన్నీ తిప్పి, "మేడమ్, వీసా ఎక్స్‌పైర్ అయింది కదా, గ్రీన్ కార్డ్ ఉందా?" అంది. ఫోల్డర్‌లోంచి ఐ-512ఎల్, అంటే పెరోల్ కాగితం, తీసి ఇచ్చాను. చూడటానికి మామూలు కాగితమే. ఒక పక్కన మన ఫోటో ప్రింట్ చేసి ఉంటుంది, కింద తేదీ ఉంటుంది. ఆ అమ్మాయి దాన్ని వెనక్కి ముందుకి తిప్పి, లైట్‌కి పెట్టి చూసి, సూపర్‌వైజర్‌ని పిలిచింది. ఆయన వచ్చి స్క్రీన్ మీద ఏదో వెతికి, తల ఊపి, బోర్డింగ్ పాస్‌లు ఇప్పించారు. మా పెద్దాడు ఈలోపు తన అమెరికా ఇంగ్లిష్‌లో ఇమిగ్రేషన్ చట్టం వివరించబోతుంటే కాలు తొక్కి ఆపాను.

మీరు వెళ్లేటట్టయితే ఒరిజినల్ కాగితం హ్యాండ్ బ్యాగ్‌లోనే పెట్టుకోండి, చెక్-ఇన్ లగేజీలో వేయకండి. 485 రిసీట్ కాపీ కూడా పెట్టుకోండి. యూరప్ మీదుగా టికెట్ చేసుకునేవాళ్లు, అమెరికా వీసా లేని ఇండియన్ పాస్‌పోర్టుకు ఆ దేశంలో ఎయిర్‌పోర్ట్ ట్రాన్సిట్ వీసా కావాలేమో ముందే చూసుకోండి. పెరోల్ కాగితం వీసా కాదు. నేను అందుకే గల్ఫ్ మీదుగా చేసుకున్నాను.

డాలస్ ఎయిర్‌పోర్టు డీఎఫ్‌డబ్ల్యూలో దిగాక అసలు ఘట్టం. మా చిన్నది ఇక్కడే పుట్టింది, దానిది అమెరికా పాస్‌పోర్టు. పెద్దాడు హైదరాబాద్‌లో పుట్టాడు. ఆఫీసర్ మా పాపతో "వెల్కమ్ హోమ్" అని, నన్ను, వాడిని చూసి పాస్‌పోర్టులు ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి పక్కగదికి పంపించారు. కంగారు పడకండి, పెరోల్ మీద వచ్చేవాళ్లను సాధారణంగా ఆ సెకండరీ గదికే పంపిస్తారు. అక్కడ ఫోన్ వాడకూడదని గోడ మీద రాసి ఉంటుంది. వరసగా కుర్చీలు, ఎదురుగా ఎత్తైన కౌంటర్. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు. మన ఇంటిపేర్లు వాళ్ల నోట్లో ఎలా నలుగుతాయో మీకు తెలుసు కదా, చెవులు రిక్కించుకుని కూర్చోవాలి. "అమ్మా, నేను సిటిజన్ కదా, నన్నెందుకు ఇక్కడ కూర్చోబెట్టారు?" అని మా చిన్నది అడిగింది. "అన్నకు తోడుగా" అన్నాను. వాడు దాన్ని ఒక చూపు చూశాడు.

మమ్మల్ని పెద్దగా ప్రశ్నలేమీ అడగలేదు. 485 ఏ ఆధారంగా వేశారు, మీ ఆయన ఎక్కడ పని చేస్తారు, అంతే. పాస్‌పోర్టులో పెరోల్ స్టాంప్ వేసి, ఏడాది తర్వాతి తేదీ రాసిచ్చారు. ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ఉండే రికార్డు) చూసుకుంటే క్లాస్ ఆఫ్ అడ్మిషన్ దగ్గర డీఏ అని ఉంది, అంటే అడ్వాన్స్ పెరోల్ మీద వచ్చామని. ఇది తప్పకుండా చూసుకోండి, ఐ-94లో పొరపాటుంటే వెంటనే సరిచేయించుకోవాలి. మేం బయటికొచ్చేసరికి మా సూట్‌కేసులు బెల్ట్ మీద నుంచి దింపి ఒక మూలన నిలబెట్టి ఉన్నాయి.

వచ్చిన వారంలోనే ఇంకో కవరొచ్చింది, నా కొత్త ఈఏడీ. పాతది అయిపోయినా రిసీట్ మీద 540 రోజుల ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్‌తో పని చేస్తూ వచ్చాను. కార్డు మీద కేటగిరీ సీ09 (485 పెండింగ్‌లో ఉన్నవాళ్లది) అని ఉంది, "నాట్ వాలిడ్ ఫర్ రీఎంట్రీ" అని కూడా రాసి ఉంది. ఈ మాట గమనించండి. ఒకప్పుడు రెండూ కలిపి కాంబో కార్డు వచ్చేది, అప్పుడు దాని మీదే అడ్వాన్స్ పెరోల్ అని ఉండేది. ఇప్పుడు ఈఏడీ ఉంది కదా అని విమానం ఎక్కేయకూడదు, మీ కార్డు మీద ఏం రాసి ఉందో చదవండి.

తేదీ చూస్తే మాత్రం ఉసూరుమనిపించింది. పద్దెనిమిది నెలలే. 2023 సెప్టెంబర్‌లో ఐదేళ్లకు పెంచారని అందరం సంబరపడ్డాం. 2025 డిసెంబర్ 5 నుంచి మళ్లీ 18 నెలలకు కుదించారు. దానికి ముందే, అక్టోబర్ 30 నుంచి వేసే రెన్యూవల్స్‌కు ఆ ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ కూడా తీసేశారు. నేను అంతకుముందే వేశాను కాబట్టి బతికిపోయాను. వచ్చేసారి పాత కార్డు అయిపోయే లోపు కొత్తది చేతికి రాకపోతే, మర్నాటి నుంచి హెచ్‌ఆర్ వాళ్లు నన్ను లాగిన్ కూడా కానివ్వరు. గడువుకు 180 రోజుల ముందు నుంచి రెన్యూవల్ వేయొచ్చు. అంటే ఈ కార్డుతో నాకు ప్రశాంతంగా ఉండేది ఒక్క ఏడాదే. ఆ తర్వాత మళ్లీ ఫోటోలు, ఫారాలు. ఫీజు మాత్రం మాకు లేదు, 2020లో 485తో పాటే కట్టేశాం. 2024 ఏప్రిల్ 1 నుంచి 485 వేసినవాళ్లు ఈఏడీకి 260 డాలర్లు, పెరోల్‌కి 630 డాలర్లు విడిగా కట్టాలి. నలుగురున్న కుటుంబానికి లెక్క వేసుకోండి.

ఇందుకే మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం, అడిగినవాళ్లందరికీ అదే చెప్తాను. నేను ఈఏడీ మీద పని చేస్తాను, ఆయన హెచ్1 వదలరు. ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్) అప్రూవ్ అయి ఉంది కాబట్టి హెచ్1కుండే ఆరేళ్ల పరిమితి దాటినా మూడేళ్ల చొప్పున ఎక్స్‌టెన్షన్ వస్తుంది. రేపు 485కి ఏదైనా అయితే నా ఈఏడీ, పెరోల్ రెండూ దాంతోపాటే పోతాయి. ఆయన హెచ్1 నిలబడి ఉంటే ఇల్లు నిలబడుతుంది, నేను తంటాలు పడైనా స్టాంపింగ్ వేయించుకుని హెచ్4 మీద రావొచ్చు. ఇద్దరూ ఈఏడీ మీదకి వెళ్తే కింద వల ఉండదు. పైగా 2025 సెప్టెంబర్ నుంచి, దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్1 పిటిషన్లకు లక్ష డాలర్లంటున్నారు. ఉన్నదాన్ని పోగొట్టుకునే రోజులు కావు. కన్సల్టెన్సీకి ఎక్స్‌టెన్షన్ ఖర్చు మిగులుతుందని ఈఏడీ మీదకి మారమనే మేనేజర్లున్నారు, వాళ్ల మాట వినకండి.

ఈఏడీ వల్ల మా పెద్దాడికి జరిగిన మేలు కూడా చెప్పాలి. హెచ్4 పిల్లలకు వేసవిలో చిన్న ఉద్యోగం చేసే వీలు కూడా లేదు. వీడికి సీ09 కార్డు ఉంది, సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉంది. పోయిన వేసవిలో ఒక ఐస్‌క్రీమ్ షాపులో చేరాడు. మొదటి జీతంలో టాక్స్ ఎంత పట్టుకున్నారో చూసి వాళ్ల నాన్నతో అరగంట పంచాయితీ పెట్టాడు. ఇరవై ఒకటి నిండితే వాడి కేసు ఏమవుతుందన్నది వేరే పెద్ద కథ, దానికి లాయర్‌గారిని కూర్చోబెట్టి విడిగా వీడియో చేస్తాను.

బట్టలు అయిపోయాయి. సోమవారం డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీపీఎస్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ ఉంది. టెక్సస్‌లో మాలాంటివాళ్ల డ్రైవింగ్ లైసెన్సు గడువు ఈ కార్డు గడువుతోనే ముడిపడి ఉంటుంది. కొత్త ఈఏడీ చూపించి తేదీ మార్పించుకోవాలి. అక్కడ ఏయే కాగితాలు అడిగారో వచ్చాక చెప్తాను. మీ ఊళ్లో ఎలా చేస్తున్నారో కామెంట్లో రాయండి, రిసీట్ నంబర్లు మాత్రం పెట్టకండి. ఉంటానండి మరి.