ఇంకో ఐదు నిమిషాలు

అధ్యక్షులకు, ఇంత ఎండలో వచ్చిన మీ అందరికీ నమస్కారం. నాకు పది నిమిషాలిచ్చారు, శాలువాకే మూడు పోయాయి. పెద్దల పేర్లు చదవను, ఏమీ అనుకోవద్దు.

ఈ వారం వంతు 'ఫ్రెష్ క్రీమ్'. క్రీమ్ బ్యాండు మొదటి ఆల్బమ్, 1966 డిసెంబరులో ఇంగ్లండులో వచ్చింది. ఉన్నది ముగ్గురే. గిటారు ఎరిక్ క్లాప్టన్, బేస్ గిటారు, పాట జాక్ బ్రూస్, డ్రమ్స్ జింజర్ బేకర్. పది పాటల్లో సగం అమెరికా నల్లవాళ్ల పాత బ్లూస్. 'స్పూన్‌ఫుల్' విల్లీ డిక్సన్ రాసింది. వీళ్లు దాన్ని ఆరున్నర నిమిషాలు సాగదీస్తారు, విసుగు మాత్రం రాదు.

గిటారు గురించి చెప్పమన్నారు. చెప్తా, ముందు డ్రమ్ము సంగతి.

డిగ్రీ రోజుల్లో మా మామ బెంగళూరు పోతుంటే ఖాళీ కేసెట్ ఇచ్చి ఈ ఆల్బమ్ రికార్డు చేయించుకున్నా. ఆఖరున 'టోడ్'. గిటారు కాసేపు పలికి పక్కకు తప్పుకుంటుంది. ఇక బేకర్ ఒక్కడే. కాళ్ల కింద రెండు పెద్ద డ్రమ్ములు. దరువు కాళ్లలో మొదలై చేతుల్లోకి ఎక్కుతోందా... టక్. ఆ పైన ఏదో డిస్కో పాట! "పాట లేదు గదప్పా, ఉత్త దరువే, టేపు దండగ" అన్నాడంట షాపతను. చాలా ఏళ్లకు సీడీలో పూర్తిగా విన్నా. ఐదు నిమిషాలు. కట్టినవారు ఎవరని చూస్తే జింజర్ బేకర్. దరువుక్కూడా కర్త ఉంటాడని నాకు అప్పుడే తెలిసింది.

మన అనంతపురంలోనే ఒక సభ. ఉరుముల వాళ్లను, అదే ఉరుము అనే డోలు వాయించేవాళ్లను, పిలిచారు. వాళ్లలో పెద్దాయన బయట చెట్టుకింద కూర్చుని గంటసేపు తాళ్లు బిగించుకున్నాడు. ఎక్కి వాయించింది ఎంతసేపు? ముఖ్య అతిథి కారు రాగానే ఒకాయన మైకు లాక్కుని "నిలిపెయ్యండప్పా" అన్నాడు. ఎత్తిన పుల్ల అట్లే ఆగిపోయింది. ఆహ్వానపత్రంలో అతిథుల పేర్లు పద్నాలుగు, వీళ్లకు మాత్రం 'ఉరుముల బృందం'. డబ్బుకు ఆయన నెల తిరిగాడు. ఆ రోజు వేదిక మీద నేనూ ఉన్నా. నోరెత్తలేదు. అబద్ధమెందుకు.

ఇదే ఆల్బమ్‌లో 'ఐయామ్ సో గ్లాడ్' ఉంది. బ్లూస్ గాయకుడు స్కిప్ జేమ్స్ 1931లో పాడిన పాట. అప్పట్లో ఆ రికార్డులు అమ్ముడుపోక ఆయన పాటే వదిలేశాడు. క్రీమ్ వాళ్లు ఆయన పేరు వేశారు, డబ్బు అందింది. అప్పటికి ఆయనకు క్యాన్సర్. ఆస్పత్రి ఖర్చులకు అక్కరకొచ్చింది. 1969లో పోయాడు. పేరు వేస్తే ఏమవుతుందో చూశారా? మీలో సభలు పెట్టేవాళ్లున్నారు, మిమ్మల్నే అడుగుతున్నా. ఈసారి కార్డులో ఉరుము వాయించే మనిషి పేరు వేస్తారా?

అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. ఇంకో ఐదు నిమిషాలు సార్, గిటారు వచ్చే వారం. 'టోడ్' పెడుతున్నా, పూర్తిగా. తలుపు దగ్గర నాయనా, ఆ ఫ్యాను కాస్త ఆపు. రొద చేస్తోంది.