నెల సరుకుల చీటీ చూస్తే పొట్ట సంగతి తెలుస్తుంది

నమస్తే అండీ. బరువు తగ్గడం మీద తెలుగులో వీడియోలకి కొదవ లేదు. వాము నీళ్లు, జీలకర్ర నీళ్లు, నిమ్మకాయ తేనె... పొద్దున్నే లేచి ఏదో ఒకటి తాగితే కొవ్వు కరిగిపోతుందనేవే ఎక్కువ. నేను ఇవాళ ఏదీ తాగమని చెప్పను. మీ ఇంట్లో పోయిన నెల సరుకుల చీటీ ఉంటే తీయండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఆ బిల్లు ఫోన్లో తెరవండి. బియ్యం ఎంత, పప్పులు ఎంత, నూనె ఎంత, ఈ మూడే చూసి పక్కన పెట్టుకోండి. కాసేపట్లో దాని పని పడుతుంది.

ముందు టేపు సంగతి. బట్టలు కుట్టేవాళ్ల దగ్గర ఉండే టేపు చాలు, బరువు మిషన్ అక్కర్లేదు. చివరి పక్కటెముక ఎక్కడుందో చేత్తో తడిమి చూడండి, తుంటి ఎముక పైఅంచు ఎక్కడుందో చూడండి. రెండింటికీ మధ్యలో టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలి కొలవండి. లోపలికి పీల్చి కొలిచేవాళ్లకి ఒక దండం. మనవాళ్లలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదు. అంగుళాల్లో అయితే దాదాపు 35న్నర, 31న్నర. "నా ప్యాంటు సైజు 34 కదా, నాకేం కాదు" అంటారు కొందరు. పొట్ట పెరిగే కొద్దీ ప్యాంటు కిందికి జారుతుందండీ. అందుకే పదేళ్లయినా అదే సైజు సరిపోతుంది. చీర కట్టుకునేవాళ్లు కూడా లంగా బొందు దగ్గర కాకుండా కాస్త పైన కొలవాలి.

ఇంత కచ్చితంగా నడుము ఎందుకు కొలవమంటున్నానంటే, బరువు మనకి అబద్ధం చెబుతుంది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫోటో వేశారు. పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరికీ బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, ఒకటే, 22.3. ఇద్దరూ సన్నగానే కనిపిస్తారు. ఒంట్లో కొవ్వు కొలిస్తే ఇంగ్లండ్ ఆయనకి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. అదే బీఎంఐలో రెండింతల కొవ్వు! మన జాతి లక్షణమే అంత. కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు కూడా కాళ్లకీ చేతులకీ పోకుండా పొట్టలో, కాలేయం చుట్టూ చేరుతుంది. సన్నగా ఉన్నవాళ్లకి కూడా ముప్పై అయిదేళ్లకే షుగర్, ఫ్యాటీ లివర్ అని రిపోర్టు రావడానికి ఇదొక ముఖ్యమైన కారణం.

అందుకే చాలా దేశాల్లో బీఎంఐ 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అంటుంటే, మన డాక్టర్లు 23 దాటగానే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. అయిదడుగుల ఏడంగుళాల మనిషి 73 కిలోలుంటే ఆ లెక్కలో ఊబకాయం కిందికి వచ్చేసినట్టే. మన ఊళ్లో అతన్ని ఎవరైనా లావంటారా? "పెళ్లయ్యాక కాస్త ఒళ్లు చేశాడు, బాగున్నాడు" అంటారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బీఎంఐ 25 దాటిన ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. దేశం మొత్తం మీద 24. మగవాళ్లలోనూ రెండు రాష్ట్రాలూ 30 దాటేశాయి. అంటే ఇది ఎవరో ఒకరి తిండియావ సంగతి కాదు. ఇంతమందికి ఒకేలా పొట్ట వస్తుంటే వండే తీరులో, వడ్డించే తీరులో ఏదో ఉందన్నమాట.

ఇప్పుడు చీటీ తీయండి.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఎన్ఐఎన్ అంటారు. ఎవరు ఎంత తినాలో 2024లో కొత్తగా మార్గదర్శకాలు ఇచ్చారు. రోజుకి 2000 కేలరీలు సరిపోయే మనిషికి ధాన్యాలన్నీ కలిపి సుమారు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాముల దాకా, నూనె 27 గ్రాముల దాకా, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. ఇవన్నీ వండక ముందు తూకాలు. ఇంట్లో నలుగురు పెద్దవాళ్లు ఉన్నారనుకుని నెలకి లెక్క కట్టాను. బియ్యం, గోధుమపిండి, రవ్వ, అటుకులు అన్నీ కలిపి 30 కిలోలు. నూనె మూడున్నర లీటర్లు. పప్పులు? పది కిలోలు!

మీ చీటీలో పది కిలోల పప్పు ఉందా? చాలా ఇళ్లలో కందిపప్పు రెండు కిలోలు, మినపప్పు ఒక కిలో, పెసరపప్పు అరకిలో, పోపులోకి శనగపప్పు పావుకిలో. గుడ్లు, చేపలు, చికెన్ తినే ఇళ్లలో పప్పు కొంత తగ్గినా ఫర్వాలేదు, వాటిలో మాంసకృత్తులు ఉంటాయి. కానీ వారానికి ఒక ఆదివారం చికెన్ తింటే మిగతా ఆరు రోజుల లోటు పూడదు. ఇక నూనె వైపు చూస్తే అయిదు లీటర్ల డబ్బా, దాని పక్కన మళ్లీ రెండు ప్యాకెట్లు.

దీనికి మనల్ని మనం తిట్టుకోనక్కర్లేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చింది. 2025 నుంచి తెలంగాణలో రేషన్ కార్డు ఉన్న ఇంట్లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. చవగ్గా దొరికేది బియ్యం, ధర మండేది కందిపప్పు. ఎవరైనా కంచంలో ఏది ఎక్కువ పెట్టుకుంటారు?

అసలు చిక్కు మన భోజనం వరసలోనే ఉందని నా అభిప్రాయం. ముందు పప్పన్నం. తర్వాత కూరన్నం. తర్వాత చారో పులుసో, దానికి మళ్లీ అన్నం. చివర పెరుగన్నం తినకపోతే భోజనం చేసినట్టే ఉండదు. మధ్యలో ఆవకాయ కనిపిస్తే దానికో ముద్ద వేరే. మనం వండే ప్రతిదీ అన్నంలో కలుపుకోవడానికే. అందుకే ఇంట్లో ఒక వంటకం పెరిగితే అన్నం కూడా ఒక విడత పెరుగుతుంది. "ఇవాళ మంచి కూరలున్నాయి" అన్న రోజే అన్నం రెట్టింపు తింటాం. ఇక కూర? ఉప్పూ కారం అన్నానికి సరిపోయేట్టు వేస్తాం కాబట్టి ఉత్తిగా తినలేం. కాబట్టి మార్చాల్సింది ఇక్కడే. కూరలో ఉప్పు, కారం, నూనె తగ్గించి, ఉత్తిగా తిన్నా నోటికి బాగుండేట్టు వండండి. బీరకాయ, సొరకాయ, బెండకాయ, చిక్కుడు, ఏదైనా సరే. కప్పు కూర ముందే తినేయండి. పప్పు గట్టిగా, ముద్దపప్పులా చేసి రెండు గరిటెలు ఎక్కువ వేసుకోండి. అన్నం పప్పుతో, కూరతో మాత్రమే కలుపుకోండి, అక్కడితో ఆపేయండి. చారు గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగు ఒక కప్పులో వేసుకుని చెంచాతో తినండి. వంటలు అవే, రుచులు అవే, రెండు విడతల అన్నం పోయింది. కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత తింటే భోజనం అయ్యాక షుగర్ తక్కువ పెరుగుతుందని చిన్న చిన్న పరిశోధనల్లో తేలింది కూడా.

మొదటి వారం ఇంట్లో గొణుగుడు తప్పదు. "ఇదేం తిండి, ఆస్పత్రి తిండిలా" అంటారు. అందుకే ఒక్కరికి డైట్ వంట, మిగతావాళ్లకి మామూలు వంట అని పెట్టుకోవద్దు. రెండు వంటలు చేసే ఓపిక ఎవరికీ నెలకి మించి ఉండదు. ఆ రెండు వంటలూ చేసేది ఎవరో మీకు తెలుసు.

రాత్రిపూట చపాతీ సంగతి కూడా చెప్పాలి. "నేను రాత్రి అన్నం మానేశానండీ, చపాతీలే" అని గర్వంగా చెబుతారు. ఒక చపాతీకి 30 గ్రాముల పిండి అంటే దాదాపు 100 కేలరీలు, కాల్చేటప్పుడు వేసే చెంచా నూనె 45. అలాంటివి మూడు తింటే 400 దాటింది. ఒక కప్పు అన్నం 200 దగ్గర ఉంటుంది. కొర్రలూ అంతే. పీచు ఎక్కువ, త్వరగా కడుపు నిండినట్టుంటుంది, మంచిదే. కానీ నూరు గ్రాముల కొర్రల్లో కేలరీలు బియ్యానికి దగ్గరగానే ఉంటాయి. గిన్నెడు అన్నం బదులు గిన్నెడు కొర్రన్నం తింటే పెద్దగా తేడా రాదు. ధర మాత్రం ఎక్కువ.

టిఫిన్లలో ఒక్క పెసరట్టు నాకు నచ్చుతుంది, అంతా పప్పే కదా. దాన్ని కూడా మనం వదల్లేదు. లోపల ఉప్మా పెట్టి ఎమ్మెల్యే పెసరట్టు అన్నాం! నూనె తక్కువగా, ఉప్మా లేకుండా రెండు పెసరట్లు, అల్లం పచ్చడితో తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. ఇడ్లీ తప్పేమీ కాదు, దాంతోపాటు గిన్నెడు సాంబారు ముక్కలతో సహా తినండి, ఉడికించిన గుడ్డు తినేవాళ్లు గుడ్డు తినండి. పూరీ ఎప్పుడో ఒకసారి. టీలో చక్కెర లెక్క త్వరగా చెప్పేస్తాను. చెంచా చక్కెర 5 గ్రాములు. రెండు చెంచాలు, రోజుకి నాలుగు టీలు, అక్కడికే 40 గ్రాములు. ఎన్ఐఎన్ చెప్పిన హద్దు రోజంతటికీ 25.

నడక విషయంలో నేను కొంచెం నిరాశపరుస్తాను. ఒక గంట చురుగ్గా నడిస్తే మామూలు మనిషికి 250, 300 కేలరీలు ఖర్చవుతాయి. పార్కు బయట బండి మీద ఒక ప్లేట్ మిర్చి బజ్జీ తింటే ఆ నడక అయిపోయినట్టే. బరువు తగ్గించేది ప్రధానంగా తిండే. అయినా వారానికి 150 నిమిషాలు నడవమంటాను, ఎందుకంటే నడక షుగర్ని, బీపీని, నిద్రని బాగు చేస్తుంది, తగ్గిన బరువు మళ్లీ రాకుండా కాపాడుతుంది. వారానికి రెండు రోజులైనా కండకి పని చెప్పండి. గుంజీలు తీయండి, గోడకి చేతులు ఆన్చి దండీలు తీయండి. తిండి తగ్గించి కండకి పని ఇవ్వకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. మనకి ఉన్నదే తక్కువ కండ అని ఇందాకే చెప్పాను.

నిద్ర కూడా తిండి లెక్కలోకే వస్తుంది. అమెరికాలో 2022లో తక్కువ నిద్రపోయే 80 మందిలో కొందరితో రోజుకి గంటకి పైగా ఎక్కువ నిద్రపోయేలా చేశారు. ఏమి తినాలో ఎవరూ చెప్పలేదు. వాళ్లు రోజుకి దాదాపు 270 కేలరీలు తమంతట తామే తక్కువ తిన్నారు. నైట్ షిఫ్టుల్లో పనిచేసే పిల్లలు లావవుతుంటే బిర్యానీ ఆర్డర్లనొక్కటే తిట్టకండి.

ఇక మనసు గట్టిగా లేకపోవడం అనే మాట. పెళ్లిళ్లలో చూస్తుంటాం, "ఏంటమ్మా ఇంత లావైపోయావు, నోరు కట్టుకోకూడదూ" అంటుంది ఒక పిన్ని. పావుగంట తర్వాత ఆ పిన్నే "బొబ్బట్టు ఒక్కటేనా, ఇంకోటి వేయించుకో" అంటుంది. ఆస్ట్రేలియాలో 2011లో కొందరికి పది వారాల పాటు గట్టి డైట్ పెట్టి బరువు తగ్గించి, ఏడాది తర్వాత రక్తం పరీక్షించారు. ఆకలి పెంచే హార్మోన్లు అప్పటికీ ఎక్కువగానే ఉన్నాయి, కడుపు నిండిందని చెప్పేవి తక్కువగానే ఉన్నాయి. పోయిన బరువు కోసం శరీరం ఏడాదైనా వెతుకుతూనే ఉందన్నమాట. మళ్లీ లావైనవాళ్లని చూసి నవ్వేవాళ్లకి ఈ సంగతి చెప్పండి. నెలకి పది కిలోలు తగ్గిస్తామనే డైట్లంటే నాకు నమ్మకం లేకపోవడానికి కారణం కూడా ఇదే. 80 కిలోల మనిషి ఆరు నెలల్లో 4 నుంచి 8 కిలోలు తగ్గితే చాలు, షుగర్, బీపీ, కాలేయం రిపోర్టుల్లో మంచి తేడా కనిపిస్తుంది.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. 2025లో మన దేశంలోకి మౌంజారో, తర్వాత వెగోవీ వచ్చాయి. పనిచేస్తాయి, అందులో అనుమానం లేదు. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ మీద జరిగిన పెద్ద పరీక్షలో 68 వారాలకి సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. మందు ఆపేసిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. కాబట్టి పెళ్లికి రెండు నెలల ముందు వేయించుకునే మందు కాదిది. బాగా బరువుండి, షుగర్ కూడా ఉన్నవాళ్లు సిగ్గుపడకుండా డాక్టర్ని అడగండి. స్నేహితుడు వాడుతున్నాడని మందుల షాపులో కొనుక్కోకండి.

ఒకటి మాత్రం మర్చిపోకండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు నేను చెప్పానని రేపటి నుంచే అన్నం సగం చేయకండి. మందు అంతే ఉండి అన్నం తగ్గితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. ముందు డాక్టర్‌కి చెప్పి డోసు సరిచేయించుకోండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పప్పు, గుడ్లు ఎంత తినొచ్చో అడిగి తెలుసుకోండి. ఉన్నట్టుండి బరువు పెరుగుతుంటే, ముఖ్యంగా నెలసరి తప్పుతున్న ఆడపిల్లలూ, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లూ, చలీ నీరసం ఎక్కువగా ఉన్నవాళ్లూ డైట్ కంటే ముందు పరీక్షలు చేయించుకోండి.